మెసేజ్ చదవరు సరే, మరి వాళ్లకేం తెలుసు?

వాట్సాప్‌లో కొత్తగా ఎవరితో చాట్ మొదలుపెట్టినా పైన ఒక చిన్న పెట్టె, అందులో తాళం బొమ్మ కనిపిస్తుంది. ఈ మెసేజ్‌లు మీరూ అవతలివాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేరు, వాట్సాప్ కూడా చదవలేదు అని దాని సారాంశం. మా పిన్ని ఆ పెట్టెను స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపింది. కింద ప్రశ్న: "మరి మొన్న మోకాళ్ల నొప్పులని అక్కతో అన్నానో లేదో, సాయంత్రానికల్లా మోకాలి బెల్టు ప్రకటన వచ్చిందేంట్రా?"

పిన్నికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తాళం బొమ్మ చెప్పేది నిజమే. ప్రకటన రావడమూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావాలంటే, పెద్ద టెక్ కంపెనీలు మన గురించి ఏం పోగేస్తాయి, ఎందుకు పోగేస్తాయి అన్నది మొదటి నుంచీ చూడాలి. మనకు బాగా అలవాటైంది కాబట్టి వాట్సాప్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

కార్డు, కవరు, పోస్ట్‌మ్యాన్

పోస్టుకార్డు రాస్తే దారిలో ఎవరైనా చదవచ్చు. కవరులో పెట్టి అంటిస్తే లోపలి సంగతి దాగుతుంది. అయినా ఊరి పోస్ట్‌మ్యాన్‌కి తెలియనిదేముండేది? ఎవరింటికి కువైట్ నుంచి ఉత్తరాలొస్తున్నాయి, నెలనెలా వచ్చే మనియార్డరు మూడు నెలలుగా ఎందుకు రావట్లేదు, ఏ ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది, ఏ అమ్మాయికి ఒకే చేతిరాతతో వారానికో కవరు వస్తోంది... ఒక్క కవరు కూడా చింపకుండానే ఆయనకు సగం ఊరి సంగతులు తెలిసేవి.

లోపలి ఉత్తరం కంటెంట్. కవరు మీద ఉండేది, అంటే ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎన్నిసార్లు అన్నది మెటాడేటా. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ కాపాడేది మొదటిదాన్నే. మెసేజ్ మీ ఫోన్‌లో తాళం పడుతుంది, అవతలి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, మధ్యలో ఉన్న కంపెనీ దగ్గర తాళంచెవి ఉండదు. వాట్సాప్ 2016 ఏప్రిల్ నాటికి వ్యక్తిగత మెసేజ్‌లు, కాల్స్ అన్నిటికీ దీన్ని అమలు చేసింది. ఈ విషయంలో కంపెనీ మాటను అనుమానించాల్సిన పని లేదు.

కాకపోతే తాళానికి కొన్ని మినహాయింపులున్నాయి. చాట్‌లను క్లౌడ్‌లో బ్యాకప్ చేసుకుంటే, ఆ బ్యాకప్‌కి వేరేగా ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసుకోవాలి. ఆ సౌకర్యం 2021లో వచ్చింది, అది ఉందని చాలామందికి తెలియదు. బ్యాంకుకో షాపుకో మెసేజ్ పెడితే, ఆ వ్యాపారం తన చాట్‌లను నడిపే పనిని వాట్సాప్, ఫేస్‌బుక్‌ల యజమాని మెటాకో మరో కంపెనీకో అప్పగించి ఉండొచ్చు. వాట్సాప్‌లోనే ఉండే చాట్‌బాట్ మెటా ఏఐని అడిగిన ప్రశ్నలైతే మెటాకే చేరతాయి, ఎందుకంటే అక్కడ అవతలి మనిషి మెటాయే.

కవరు మీద ఎంత రాసి ఉంటుంది?

వాట్సాప్ ప్రైవసీ పాలసీని ఓపిగ్గా చదివితే జాబితా పెద్దదే. ఫోన్ నంబరు, ఫోన్ మోడల్, ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఉండే నంబరు), వాడే నెట్‌వర్క్, భాష, టైమ్ జోన్, ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారు, ఏ ఫీచర్లు ఎంతసేపు వాడారు, ఏ గ్రూపుల్లో ఉన్నారు, చివరికి బ్యాటరీ ఎంత ఉంది, సిగ్నల్ ఎంత బలంగా ఉంది అన్నది కూడా. అనుమతి ఇస్తే కాంటాక్టుల్లోని నంబర్లు కూడా. ఆ నంబర్లలో వాట్సాప్ వాడని వాళ్లవీ ఉంటాయి. అంటే మీరు ఒప్పుకోకపోయినా మీ బావమరిది మీ తరఫున ఒప్పేసుకుని ఉండొచ్చు.

ఇవన్నీ ఉత్త వివరాలే కదా అనిపిస్తుంది. ఒక ఊహాజనిత ఉదయం చూడండి. సోమవారం 9 గంటల 10 నిమిషాలకు ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ నుంచి ఒకాయనకు మెసేజ్ వచ్చింది. 9:12కి భార్యకు కాల్, పదకొండు నిమిషాలు. 9:30కి, ఏడాదిగా మాటల్లేని తమ్ముడికి కాల్, అరగంట. 10:15కి ఇన్సూరెన్స్ ఏజెంటుకు మూడు మెసేజ్‌లు. రోజూ గుడ్ మార్నింగ్‌లు పెట్టే మనిషి ఆ రోజు ఒక్క గ్రూపులోనూ ఏమీ పెట్టలేదు. రాత్రి రెండింటికి ఆన్‌లైన్. ఇందులో ఒక్క మాట కూడా మనం చదవలేదు. కానీ ఏం జరిగిందో ఊహించేశాం కదా?

ఆ ఊహ తప్పూ కావచ్చు. రిపోర్టు మామగారిది కావచ్చు, తమ్ముడితో మాట్లాడింది పొలం గట్టు సంగతి కావచ్చు. ఇలా తప్పుగా వేసిన అంచనా కూడా మన పేరు మీద ఒక గుర్తుగా ఎక్కడో ఉండిపోవచ్చు, అది ఉందని మనకు తెలియదు కాబట్టి సరిచేయించుకోనూ లేం. మెసేజ్ చదివితే కనీసం అసలు విషయం తెలిసేది.

కంపెనీ వైపు మాట కూడా చెప్పాలి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారనే లాగ్‌లు తాము అందరివీ దాచిపెట్టబోమని, కాంటాక్టుల జాబితాను ఫేస్‌బుక్‌కి ఇవ్వబోమని 2021లో కొత్త పాలసీ మీద గొడవ జరిగినప్పుడు వాట్సాప్ బహిరంగంగా ప్రకటించింది. కాబట్టి పై ఉదయాన్ని మెటాడేటాకు ఉన్న శక్తికి ఉదాహరణగా తీసుకోండి, వాట్సాప్ రోజూ చేసే పనిగా కాదు.

బిల్లింగ్ కౌంటర్‌లో చెప్పే పది అంకెలు

బట్టల షాపులో, మెడికల్ షాపులో, సూపర్‌మార్కెట్‌లో ఎక్కడైనా బిల్లు వేసే ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, మీ మొబైల్ నంబర్?" వెనక క్యూ పెరుగుతుంటుంది, గట్టిగానే చెప్పేస్తాం, ఆమె ఒకసారి మళ్లీ చదివి వినిపిస్తుంది కూడా. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో కీలకమైన ఘట్టం ఇదే, ఎందుకంటే వేర్వేరు చోట్ల పడి ఉన్న వివరాలను ఒక్క మనిషికి కట్టే ముడి ఫోన్ నంబరే.

అదెలాగో చూద్దాం. ఒక షాపు దగ్గర పదివేల మంది కొనుగోలుదారుల నంబర్లున్నాయనుకుందాం. ప్రకటన ఇవ్వాలనుకుని ఆ జాబితాను ఫేస్‌బుక్‌కో గూగుల్‌కో ఎక్కిస్తుంది. నంబర్లను ఉన్నవున్నట్టు పంపరు. హ్యాషింగ్ అనే లెక్కతో ఒక్కో నంబరును పొడవాటి కోడ్‌గా మార్చి పంపుతారు. ఆ కోడ్ చూసి నంబరు ఇదీ అని నేరుగా చెప్పలేం. కానీ ఒకే నంబరుకు ఎక్కడ లెక్క వేసినా ఒకే కోడ్ వస్తుంది. అవతలి కంపెనీ తన దగ్గరున్న నంబర్లకూ అదే లెక్క వేసి, ఏ కోడ్‌లు కలిశాయో చూస్తుంది. కలిసిన వాళ్లకు ప్రకటన చూపిస్తుంది. ఆ తర్వాత, వీళ్ల లాంటి అలవాట్లున్న ఇంకొందరిని వెతికి వాళ్లకూ చూపిస్తుంది. పేర్లు ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు, అయినా మనిషి దొరికాడు.

"మేం మీ డేటాను అమ్మం" అని పెద్ద కంపెనీలు చెప్పే మాటకు అర్థం ఇక్కడ తెలుస్తుంది. అమ్మరు, నిజమే. వాళ్లు అమ్మేది మిమ్మల్ని చేరే దారిని. డేటా చేతులు మారితే రేపటి నుంచి వ్యాపారమే ఉండదు, కాబట్టి దాన్ని వాళ్లే భద్రంగా ఉంచుకుంటారు.

ఫోన్ మన మాటలు వింటోందా?

పిన్ని బెల్టు దగ్గరికి వద్దాం. ఈ అనుమానం లేని ఇల్లు లేదు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితాలు బయటపెట్టారు. చెప్పకుండా మైక్ ఆన్ చేసి మాటలను బయటికి పంపుతున్న యాప్ వాళ్లకు దొరకలేదు. దానికి బదులు, కొన్ని యాప్‌లు స్క్రీన్ మీద జరిగేదాన్ని రికార్డు చేసి మూడో కంపెనీకి పంపుతున్నట్టు తేలింది. ఒక దానికోసం వెతికితే ఇంకోటి బయటపడింది.

వాయిస్ అసిస్టెంట్ల సంగతి వేరు. పిలవకపోయినా సిరి పొరపాటున మేలుకుని మాటలు రికార్డు చేసిందన్న కేసులో ఆపిల్ 9.5 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంటానని 2025 జనవరిలో ఒప్పుకుంది, తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. కాబట్టి పిన్ని భయం ఉత్తదని కొట్టిపారేయను.

కానీ ఆ బెల్టు కథ విచారిస్తే తేలింది వేరు. నొప్పి గురించి విన్న మా అక్కే, అదే ఇంట్లో, అదే వైఫై మీద ఒక షాపింగ్ సైట్‌లో మోకాలి బెల్టుల ధరలు చూసింది. చాలా సైట్లలో ప్రకటనల కంపెనీలు పెట్టుకున్న కంటికి కనిపించని చిన్న కోడ్ ముక్క ఉంటుంది, పిక్సెల్ అంటారు. ఎవరు ఏం చూశారో అది వెంటనే కబురు పంపుతుంది. ఒకే ఐపీ అడ్రస్, ఒకే ఇల్లు, అందులో అరవై దాటిన ఒకావిడ. ఇక మైక్‌తో పనేముంది? పైగా ఆ రోజు పిన్నికి కనిపించిన మిగతా ప్రకటనలు, బోరు మోటార్లవీ బైక్ టైర్లవీ, ఆమెకు గుర్తే లేవు.

డల్లాస్ ఆవిడకో రేటు, తెనాలి పిన్నికో రేటు

ఇంత కష్టపడి ఎందుకు పోగేస్తారు? 2024లో మెటా ఆదాయం 164.5 బిలియన్ డాలర్లయితే అందులో 160 బిలియన్లకు పైగా ప్రకటనలదే. మనం పైసా కట్టని సేవలకు ఖర్చు పెట్టేది ప్రకటనదారులు.

ఒక్కో మనిషి మీద ఎంత వస్తుందో ఫేస్‌బుక్ ఒకప్పుడు మూడు నెలలకోసారి లెక్క చెప్పేది. 2023 చివరి మూడు నెలల్లో అమెరికా, కెనడాల్లో ఒక్కో వినియోగదారు మీద సగటున 68.44 డాలర్లు, ఆసియా పసిఫిక్ ప్రాంతంలో 5.52 డాలర్లు. అప్పటి మారకంలో సుమారు 5,700 రూపాయలు ఒకవైపు, 460 రూపాయలు ఇంకోవైపు. డల్లాస్‌లో ఉన్న ఒకావిడ, తెనాలిలో ఉన్న పిన్ని ఒకే వంట వీడియో చూసినా కంపెనీకి వచ్చే డబ్బులో పన్నెండు రెట్ల తేడా. పిన్ని దగ్గర తీసుకునే వివరాలు మాత్రం అందులో పన్నెండో వంతేమీ కాదు.

ఇప్పుడు నాణేనికి రెండో వైపు. మంగళగిరిలో చీరలు నేయించి అమ్మే చిన్న వ్యాపారిని ఊహించుకోండి. పేపర్లో యాడ్ ఇవ్వాలంటే ఆయన తాహతుకు మించిన పని. అదే రోజుకు కొన్ని వందల రూపాయలతో, చేనేత ఇష్టపడే తెలుగువాళ్లను న్యూజెర్సీలో వెతికి పట్టుకోవచ్చు. ఎవరు ఏమిటో తెలియకుండా అందరికీ ఒకే ప్రకటన చూపిస్తే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. 2021 ఏప్రిల్‌లో ఆపిల్, ఇతర యాప్‌లలో మిమ్మల్ని వెంబడించడానికి ఈ యాప్‌కి అనుమతి ఇస్తారా అని ఐఫోన్‌లో సూటిగా అడగడం మొదలుపెట్టింది. చాలామంది వద్దన్నారు. దానివల్ల 2022లో తమకు 10 బిలియన్ డాలర్ల నష్టం ఉండొచ్చని మెటా చెప్పింది, చిన్న వ్యాపారులు దెబ్బతింటారని వాదించింది. ఆ వాదనలో స్వార్థం ఉంది, నిజమూ ఉంది. అడిగితే జనం వద్దంటారన్న సంగతీ అప్పుడే తెలిసిపోయింది.

వద్దనే అవకాశం ఉండాలా?

వాట్సాప్‌ను ఫేస్‌బుక్ కొంటున్నట్టు 2014 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు చెప్పిన ధర 19 బిలియన్ డాలర్లు. అప్పట్లో వాట్సాప్‌లో ప్రకటనల్లేవు, ఏడాదికో డాలరు చందా ఉండేది. రెండు కంపెనీల ఖాతాలను నమ్మకంగా జత చేయడం సాధ్యం కాదని ఆ కొనుగోలును పరిశీలించిన యూరోపియన్ కమిషన్‌కి ఫేస్‌బుక్ చెప్పింది. 2016 ఆగస్టులో పాలసీ మార్చి, ఫోన్ నంబర్లను ఫేస్‌బుక్ ఖాతాలతో కలిపే వీలు కల్పించుకుంది. తప్పుదారి పట్టించే సమాచారం ఇచ్చినందుకు కమిషన్ 2017లో 11 కోట్ల యూరోల జరిమానా వేసింది.

2016లో అప్పటికే ఖాతా ఉన్నవాళ్లకు, ప్రకటనల కోసం నా వివరాలు పంచొద్దు అని చెప్పడానికి ముప్పై రోజుల గడువిచ్చారు. 2021 జనవరిలో వచ్చిన కొత్త పాలసీలో అదీ లేదు. ఒప్పుకుంటే వాడుకోండి, లేదంటే మానుకోండి. జనం భయపడి సిగ్నల్, టెలిగ్రామ్ లాంటి వేరే మెసేజ్ యాప్‌లకు పరుగులు తీయడంతో గడువును ఫిబ్రవరి 8 నుంచి మే 15కి జరిపారు. కఠినమైన డేటా చట్టమున్న యూరప్ వాళ్లకు వేరే పాలసీ ఉంది.

భారత పోటీ కమిషన్, సీసీఐ, దీన్ని గుత్తాధిపత్యం కోణంలో చూసింది. 2024 నవంబరు 18న మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసి, వాట్సాప్ డేటాను ప్రకటనల కోసం మెటాకే చెందిన ఇతర కంపెనీలతో ఐదేళ్లపాటు పంచుకోకూడదని చెప్పింది. వాదన సింపుల్: పిల్లల స్కూల్ గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చుట్టాల గ్రూపు అన్నీ ఒకే యాప్‌లో ఉన్నప్పుడు మనిషి ఎక్కడికి పోతాడు? పోలేనివాడు నొక్కిన బటన్‌ను ఒప్పుకోలు అనగలమా? మెటా వాదన వేరు. 2021 మార్పు వ్యాపారాలతో చాట్‌లకు సంబంధించినదే, సొంత మెసేజ్‌ల గోప్యత మారలేదు, ఒప్పుకోనివాళ్ల ఖాతాలను తీసేయలేదు కూడా అంటుంది. 2025 నవంబరులో అప్పీలు ట్రిబ్యునల్ మధ్యే మార్గం పట్టింది. జరిమానాను ఉంచింది, ఐదేళ్ల నిషేధాన్ని కొట్టేసింది.

నాకైతే సీసీఐ అడిగిన ప్రశ్న బరువైనదనిపిస్తుంది. 2021లో ఏం నొక్కావని పిన్నిని అడిగితే, "ఆకుపచ్చ బటన్. అది నొక్కకపోతే ముందుకు పోదుగా" అంది.

ఒకరి చేతికిచ్చిన కాగితం

"దాచుకోవడానికి నా దగ్గరేముంది?" అని చాలామంది అంటారు. తెలంగాణ, ఆంధ్రల్లో 2020 చివర్లో లోన్ యాప్‌ల దారుణాలు చూసినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. అప్పు కోసం కాంటాక్టులకు అనుమతి ఇచ్చారు. వాయిదా తప్పగానే ఆ కాంటాక్టులకే ఫోన్లు చేసి పరువు తీశారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. కాంటాక్టుల్లో రహస్యమేమీ లేదు. ఒకందుకు ఇచ్చింది ఇంకొకందుకు వాడటంతోనే చిక్కంతా వచ్చింది. తర్వాత 2022లో రిజర్వ్ బ్యాంక్ అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు, కాల్ లాగ్‌లు చూడకూడదని నిబంధన పెట్టింది. 2023లో గూగుల్ తన ప్లే స్టోర్‌లో అలాంటి నియమమే తెచ్చింది.

ఈ చిక్కును మన కోర్టులు ఎప్పుడో పట్టుకున్నాయి, అందులో తెలుగు నేలకు గట్టి సంబంధమే ఉంది. భారత స్టాంపుల చట్టానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ఒక సవరణ, స్టాంపు డ్యూటీ ఎగవేత పట్టుకోవడానికి అధికారులు బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల కాగితాలు తనిఖీ చేయొచ్చని చెప్పింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకుల మధ్య నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఆ నిబంధన చెల్లదని చెప్పింది. కాగితం బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన దాని మీద ఖాతాదారుడి గోప్యత పోదు, గోప్యత మనిషిదే తప్ప చోటుది కాదు అని తేల్చింది. కాగితం స్థానంలో సర్వర్ పెట్టి చూడండి, నేటి గొడవే.

అంతకంటే ముందు, 1962లో ఖరక్ సింగ్ కేసు. ఉత్తరప్రదేశ్ పోలీసులు అతని మీద హిస్టరీ షీటు తెరిచి, రాత్రిళ్లు తలుపు కొట్టి నిద్రలేపేవాళ్లు. రాజ్యాంగంలో గోప్యత హక్కంటూ లేదని మెజారిటీ జడ్జీలు అన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వెంట ఒక నీడ కాపలా కాస్తుంటే ఆ మనిషికి దేశమంతా జైలే అవుతుందని, గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని విడిగా రాశారు. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు.

కొత్త చట్టంతో ఏం మారుతుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం దొరికింది. నియమాలు రావడానికి 2025 నవంబరు దాకా పట్టింది. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకు, అంటే 2027 మేలో.

చట్టంలో గట్టి అంశాలున్నాయి. ఏ పని కోసం అడుగుతున్నారో ఆ పనికి అవసరమైనంతే తీసుకోవాలి. ఇచ్చిన అనుమతిని, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ తెలుగు సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలి. 18 ఏళ్లలోపు పిల్లలను వెంబడించి ప్రకటనలు చూపకూడదు. భద్రత విషయంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల దాకా ఉంటుంది.

విమర్శలూ గట్టివే. ఆ జరిమానా ఖజానాకు పోతుంది, డేటా పోగొట్టుకున్న మనిషికి పరిహారం ఇచ్చే పాత సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం సెక్షన్‌నే ఈ చట్టం తీసేస్తోంది. తాను నోటిఫై చేసిన సంస్థలకు చట్టం వర్తించకుండా చేసే అధికారం కేంద్రానికి ఉంది. ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని ఒక సెక్షన్‌ను మార్చడంతో, వ్యక్తిగత సమాచారం పేరుతో అధికారుల వివరాలు దాచేస్తారని ఆర్టీఐ కార్యకర్తల ఆందోళన. పౌరుడి గోప్యతా, అధికారి గోప్యతా ఒకటి కాదన్నది వాళ్ల మాట. ప్రభుత్వమేమో, ప్రజాప్రయోజనం ఉంటే సమాచారం ఇచ్చే వీలు ఆర్టీఐ చట్టంలో ఇంకా ఉందంటోంది.

మరి ఇప్పటిదాకా తీసుకున్నదాని సంగతి? చట్టం దీనికి జవాబు చెప్పింది. అమలుకు ముందే అనుమతి తీసుకుని ఉంటే, వీలైనంత త్వరగా నోటీసు పంపాలి. ఆ మనిషి వద్దనే దాకా డేటాను వాడుకుంటూ పోవచ్చు. 2021లో పిన్ని నొక్కిన ఆకుపచ్చ బటన్ 2027 మే తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటుంది, ఆమె వెళ్లి వద్దని నొక్కేదాకా.